కారు మొహం, కాలవ గట్టు

కార్లకి మొహాలుంటాయని మీకు వేరే చెప్పక్కర్లేదు కదండీ. దీపాలు కళ్లు, ముందున్న జాలీ నోరు, కొన్నిటికి పైన మెరిసే బద్దీ మీసం కూడానూ. అంబాసిడర్‌ది ఎప్పుడు చూసినా నవ్వు మొహమే. అల్లుడొచ్చినా అమీనా వచ్చినా ఒకటే నవ్వు. ప్రీమియర్ పద్మినిది కాస్త ఉడుకుమోత్తనం. మారుతీ 800కి చెప్పుకోదగ్గ నోరే లేదు పాపం, అందుకే అందరిళ్లల్లోనూ ఇమిడిపోయింది. ఇప్పుడొస్తున్న జర్మన్ కార్ల మొహాలు చూస్తే మాత్రం ముందు నమస్కారం పెట్టాలో, పక్కకి తప్పుకోవాలో నాకు తెలియట్లేదు. కూర్చోండి, ఆ సంగతే చెబుతా. కాఫీ వస్తోంది.

2025 సెప్టెంబరు 9 నుంచి 14 దాకా మ్యూనిక్‌లో పెద్ద ఆటో షో జరిగింది. 1897లో బెర్లిన్‌లో ఓ హోటల్లో ఎనిమిదంటే ఎనిమిది కార్లు పెట్టి మొదలెట్టిన ప్రదర్శన అది. దశాబ్దాల తరబడి ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగి, 2021 నుంచి మ్యూనిక్‌కి మారింది. మారాక వాళ్లొక మంచి పని చేశారు. షోలో కొంత భాగాన్ని హాళ్లలోంచి బయటికి తెచ్చి ఊరి నడిబొడ్డున, కూడళ్లలో, పాత రాజమందిరం ఆవరణలో పెట్టేశారు. అక్కడికి టికెట్టు లేదు. పిల్లల్ని ఎత్తుకుని, ఐస్‌క్రీములు తింటూ, జనం కోటి రూపాయల కార్ల చుట్టూ ప్రదక్షిణాలు చేశారు. మా మేనల్లుడికి ఆ ఊళ్లోనే ఉద్యోగం. వాడు ఫోన్ పట్టుకుని ఒక్కో కారు మొహమూ మాకు వీడియోలో చూపించాడు.

"మావయ్యా, ఇది చూడు. మెర్సిడెస్ కొత్త జీఎల్‌సీ. కరెంటు బండి. ముందున్న గ్రిల్లులో 942 చుక్కలున్నాయి. అన్నీ వెలుగుతాయి!"

నిజంగానే వెలుగుతున్నాయి. చుట్టూ వెడల్పాటి క్రోమ్ చట్రం, మధ్యలో పొగరంగు అద్దపు అల్లిక, దాన్నిండా చుక్కలు, నడుమ ఆ మూడు కోణాల నక్షత్రం. నేనింకా నోరు తెరవకముందే వెనక నించి మా ఆవిడ అడిగింది. "కరెంటు బండికి ఇంజనుండదు కదరా, మరి ఆ నోరెందుకంట?"

వాడు నవ్వేసి ఊరుకున్నాడు. అడగాల్సిన ప్రశ్న అదొక్కటే అనిపించింది నాకు.

అసలా నోరు ఎందుకు పుట్టిందో చెబుతానుండండి. తొలినాటి కార్లలో ఇంజను వేడెక్కిపోయేది. చల్లార్చడానికి నీళ్లు పోస్తుంటే ఆవిరైపోతుండేవి. నీస్ నగరంలో ఉండే ఎమిల్ యెలినెక్ అనే వ్యాపారి డైమ్లర్ కంపెనీ వెంటపడ్డాడు. ఎత్తుగా ఊగిపోయే బండి కాదు, కిందికుండాలి, పొడుగ్గా ఉండాలి, బలంగా ఉండాలి అని. ఇంజనీరు విల్‌హెల్మ్ మేబాక్ ఆ బండి తయారుచేశాడు. దానికి యెలినెక్ తన కూతురి పేరు పెట్టించాడు: మెర్సిడెస్. అప్పటికా పిల్లకి పదకొండేళ్లు. 1901లో ఆ బండి నీస్ పందేల్లో దిగి అందర్నీ మట్టికరిపించింది. ముందు భాగంలో మేబాక్ పెట్టిన రేడియేటర్లో 8,070 చదరపు గొట్టాలున్నాయి. ఒక్కోటీ ఆరు మిల్లీమీటర్లు. గాలి ఆ గొట్టాల్లోంచి దూసుకుపోతూ, వాటి చుట్టూ ఉన్న నీటిని చల్లబరిచేది. దాంతో మోసుకుపోవలసిన నీళ్లు సగానికి తగ్గిపోయాయి. ఇప్పుడు మనం గ్రిల్లు అని ముచ్చటపడే మొహానికి పుట్టుక అక్కడ.

అంటే ఆ 8,070 గొట్టాలకీ పనుంది. ఈ 942 చుక్కలకి కనపడటమే పని.

కనపడటం తక్కువ పనేమీ కాదనుకోండి. కనుమ నాడు కోనసీమలో జగ్గన్నతోట తీర్థం చూసినవాళ్లకి ఆ మాట చెప్పక్కర్లేదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండు రుద్రుల ప్రభలు భుజాల మీద మోసుకొస్తారు. వరిచేలు తొక్కుకుంటూ, కౌశిక నీళ్లు దాటించుకుంటూ. ముందు చూస్తే రంగురంగుల బట్టలు, పూలు, మెరుపులు, కళ్లు చెదిరిపోతాయి. వెనక్కెళ్లి చూస్తే వెదురు బద్దలు, తాళ్లు. ఎవరూ వెనక్కెళ్లి చూడరు, చూడకూడదు కూడా. 2023లో గణతంత్ర దినాన ఢిల్లీలో మన రాష్ట్రం శకటంగా ఆ ప్రభల తీర్థమే వెళ్లింది. మెర్సిడెస్ వాళ్ల కొత్త గ్రిల్లు నాకు అచ్చంగా ప్రభే. తేడా ఒకటుంది. మా ప్రభని మేం మోస్తాం. వాళ్ల ప్రభ మనల్ని మోస్తుంది, నెలనెలా వాయిదా కట్టించుకుని మరీ.

బీఎమ్‌డబ్ల్యూ కథ ఇంకా గమ్మత్తు. ముందున్న రెండు కిడ్నీల ఆకారం వాళ్లకి 1933 నుంచీ ఆనవాలు. కానీ 1955లో వాళ్లే ఇసెట్టా అనే బుల్లి బండి అమ్మారు. దానికి తలుపు పక్కన కాదు, ముందుంటుంది. మొహం మొహమంతా తలుపే. తెరిస్తే స్టీరింగు కూడా తలుపుతోపాటు బయటికొచ్చేస్తుంది. దూరి కూర్చుని వేసుకోవాలి. అప్పట్లో కంపెనీ పరిస్థితి అలా ఉండేది. 1959 డిసెంబరులో వాటాదార్ల సమావేశంలో బీఎమ్‌డబ్ల్యూని మెర్సిడెస్ వాళ్లకి అప్పగించేయబోయారు కూడా. చిన్న వాటాదార్లు అడ్డంపడ్డారు, క్వాంట్ అనే పెట్టుబడిదారు నిలబెట్టాడు, 1961లో ఫ్రాంక్‌ఫర్ట్ షోలో 'కొత్త తరగతి' పేరుతో చూపించిన కారు గట్టెక్కించింది. ఆ కారు నోరు ఎంత చిన్నదనుకున్నారు! నిలువుగా, సన్నగా, మర్యాదగా ఉండేది.

గట్టెక్కినవాడికి నోరు పెరుగుతుంది కదండీ. పెరుగుతూ పెరుగుతూ వచ్చి 2019లో పెద్ద కారు 7 సిరీస్‌కి ఒక్కసారిగా 40 శాతం పెరిగింది. మరుసటేడు 4 సిరీస్‌కి దీపాల పైనుంచి బంపరు కిందదాకా దిగింది. చైనా కొనుగోలుదార్లకి పెద్ద మొహం ఇష్టమని కొందరన్నారు. లోకమంతా వెక్కిరించింది. లోకమంతా కొంది కూడా. ఇప్పుడు 2025లో అదే 'కొత్త తరగతి' పేరు మళ్లీ తీసి, ఐఎక్స్3 అనే కరెంటు బండి చూపించారు. ఒక్క చార్జింగుతో 800 కిలోమీటర్ల దాకా పోతుందని కంపెనీ లెక్క. దానికి నోరు మళ్లీ సన్నబడింది. 1961 నాటిలాగే నిలువుగా రెండు చిన్న సందులు, చుట్టూ క్రోముకి బదులు వెలుగు. ఆ షో మొత్తమ్మీద నాకు నచ్చిన మొహం అదే. అరవకుండా మాట్లాడగలనని తెలిసినవాడి మొహం.

ఆడీ వాళ్లు కాన్సెప్ట్ సి అని రెండు సీట్ల బండి పెట్టారు. 1936 నాటి తమ ఆటో యూనియన్ పందెపు కారు గుర్తుగా ముందు నిలువు చట్రం ఒకటి, అంతే. గీతలు లేవు, మెరుపుల్లేవు. లోపల తెర కూడా వద్దనుకుంటే మడిచి దాచెయ్యొచ్చు. బాగుంది. కాకపోతే రెండు సీట్ల బండితో మన గోదావరి జిల్లాల్లో ఏం చేసుకుంటామండీ, పెళ్లికెళ్లేప్పుడు పక్కింటి పిన్నిగారిని ఎక్కడ కూర్చోబెడతాం?

సరే, ఈ మొహాల పిచ్చి జర్మన్లకి ఎందుకు పట్టింది? నాకు తోచిన కారణం వాళ్ల రోడ్డు. ఆటోబాన్ మీద చాలాచోట్ల వేగానికి హద్దు లేదు. ఎడమ వరుసలో వెళ్లేవాడికి వెనకొచ్చే బండి అద్దంలో కనపడుతుంది. చిన్న చుక్కగా మొదలై క్షణాల్లో అద్దం నిండిపోతుంది. ఆ క్షణాల్లోనే ముందువాడు నిర్ణయించుకోవాలి, పక్కకి తప్పుకోవాలా వద్దా అని. హారన్ కొట్టడం అక్కడ అమర్యాద. అందుకని మొహమే మాట్లాడాలి. అద్దంలో ఆ నక్షత్రమో, ఆ రెండు కిడ్నీలో, ఆ నాలుగు రింగులో కనపడగానే ముందువాడు కుడివైపు సర్దుకుంటాడు. ఓవర్‌టేక్ చేసే హక్కు మొహంలోనే రాసుంటుందన్నమాట. కాబట్టి ఆ మొహం వెనకనించి వస్తూ దారి అడిగే మొహం.

మన డెల్టాలో కారు వెనకనించి రాదండీ. ఎదురుగా వస్తుంది.

ఇక్కడ కాస్త ఆగి మన రోడ్ల పుట్టుక చెప్పుకోవాలి. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట 1852కి పూర్తిచేశాడు. కాలవలు తవ్వించాడు. ఆ కాలవలు చేలకి నీళ్లివ్వడానికే కాదు, పడవలకి కూడాను. ధాన్యం, కొబ్బరికాయలు, మనుషులు, అందరూ పడవల్లోనే. గాలి లేనప్పుడు గట్టు మీద మనిషి నడుస్తూ తాడుతో పడవని లాగేవాడు. ఆ మనిషి నడవడానికి చాలినంత గట్టు ఉంటే చాలు. తర్వాత్తర్వాత దాని మీద సైకిలొచ్చింది, ఎడ్లబండొచ్చింది, మట్టి మీద కంకర పడింది, కంకర మీద తారు పడింది. ఇప్పుడు అదే గట్టు మీద జర్మన్ ఎస్‌యూవీ. మారుతీ 800 వెడల్పు 1.44 మీటర్లు. ఐఎక్స్3 వెడల్పు అద్దాలు కాకుండానే 1.9 మీటర్లకి ఇంచుమించు. రెండు మారుతీలు ఎదురుపడితే ఒకళ్లనొకళ్లు పలకరించుకుని తప్పుకునే గట్టు మీద, రెండు ఐఎక్స్3లు ఎదురుపడితే ఇక చూసుకోవడమే. ఒకవైపు కాలవ, ఇంకోవైపు పంటబోదె.

అప్పుడు ఎవరు వెనక్కి తియ్యాలి?

దీనికి చట్టం ఎక్కడా రాసి లేదు గానీ గట్టు మీద పెరిగిన ప్రతివాడికీ తెలుసు. తూముకో, లాకులకో, ఎవరి కళ్లానికో దగ్గరగా ఉన్నవాడు తియ్యాలి. ఇది మామూలు నియమం. దీనికి పైన ఇంకో నియమం ఉంది: వరిగడ్డి ట్రాక్టరు తియ్యదు. గర్వం కాదు పాపం. వెనక ట్రక్కు తగిలించి ఉంటుంది కదా, వెనక్కి తీస్తే మధ్యలో మడతపడి కాలవలో కూర్చుంటుంది. ఆర్టీసీ బస్సు కూడా తియ్యదు. దానికి గర్వం కొంచెం ఉంది. శవం వస్తుంటే అందరూ తియ్యాలి. ఊరేగింపు వస్తుంటే తియ్యాలి, దిగి అక్షింతలు కూడా వెయ్యాలి. ఈ క్రమంలో ఎక్కడా గ్రిల్లు సైజు ప్రస్తావన లేదు, చూడండి. ఇంకా చెప్పాలంటే తిరగబడింది. పెద్ద మొహం ఉన్న బండికి కాస్త గీత పడితే యజమానికి నిద్రపట్టదని గట్టు మీద అందరికీ తెలుసు. అందుకని ముందు భయపడేది వాడే. పాల క్యానులు తగిలించుకుని వచ్చే మోటారుసైకిలు వాడికి పోయేదేం లేదు. నిమ్మళంగా కాలు కిందపెట్టి, "ఎనక్కెట్టేయండి బాబూ, ఆయ్, రావాలి, రావాలి" అంటూ కోటి రూపాయల బండిని అర కిలోమీటరు వెనక్కి నడిపిస్తాడు.

ఓసారి మా బంధువొకాయన, రొయ్యల చెరువులాయన, కొత్త జర్మన్ బండి కొన్న వారంలోనే ఏటిగట్టు మీద గడ్డిబండికి ఎదురుపడ్డాడు. ట్రాక్టరు మీదున్న కుర్రాడు దీపాలకేసీ, గ్రిల్లుకేసీ చాలాసేపు చూసి, "శానా బాగుందండి బండి. ఎనక నించి ఎలాగుంటదో సూద్దారి, తియ్యండి" అన్నాట్ట.

మన డెల్టాకి సొంత ఆటో షో ఒకటుంది, మీకు తెలుసు. సంక్రాంతి. భీమవరం చుట్టుపక్కల ఊళ్లలో కోడిపందేల బరుల పక్క పొలాల్లో ఆ మూడు రోజులూ ఆగిన కార్ల వరస చూస్తే మ్యూనిక్ కూడళ్లు గుర్తుకొస్తాయి. కోర్టులు వద్దంటూనే ఉన్నాయి, పందేలు జరుగుతూనే ఉన్నాయి. ఆ మంచిచెడ్డలు ఇంకోరోజు మాట్లాడుకుందాం. నా ఆసక్తి పొలంలో ఆగిన కార్ల మీద. కోత కోసేసిన వరి మోళ్ల మీద నక్షత్రం పక్కన కిడ్నీలు, కిడ్నీల పక్కన రింగులు. హైదరాబాదు బళ్లు, బెంగుళూరు బళ్లు, చెన్నై బళ్లు. ఇదివరకు నంబరు పలక చూసి ఏ జిల్లానో చెప్పేసేవాళ్లం. ఏపీ 05 అయితే తూర్పు, ఏపీ 37 అయితే పశ్చిమ. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 అని ఒకటే పెట్టాక ఆ సరదా పోయింది. ఇప్పుడు అంకెల కూడిక ఒక్కటే మిగిలింది. తొమ్మిది వస్తే భీమవరమే అయ్యుండాలని మా ఆవిడ సిద్ధాంతం, సాక్ష్యం అడక్కండి.

ఆ పొలంలో ఎన్ని కొత్త మొహాలున్నాయో చూసి ఆ ఏడు రొయ్య ధర ఎలా ఉందో చెప్పొచ్చు. 2009లో మన దేశానికి వెనామీ రొయ్య వచ్చాక చెరువులు పెరిగాయి, చెరువుల వెంటే కార్లూ పెరిగాయి. 2025 ఆగస్టు చివర్లో అమెరికా వాడు మన సరుకు మీద సుంకం 50 శాతానికి ఎక్కించాడు. చెరువు గట్ల మీద మొహాలు వేలాడ్డాయి. సరిగ్గా అప్పుడే మ్యూనిక్‌లో కొత్త మొహాలు వెలుగుతున్నాయి. అదే సెప్టెంబరు 22 నుంచి మన జీఎస్టీ మారి, పెద్ద పెట్రోలు, డీజిలు బళ్లకి 40 శాతం, కరెంటు బళ్లకి పాత 5 శాతమే. రొయ్య అమ్ముకున్నవాడికి ఇన్ని శాతాల మధ్య బుర్ర తిరక్క ఏమవుతుంది?

జర్మన్ల తెలివి మాత్రం ఒప్పుకోవాలి. మన వాళ్లకేం కావాలో కనిపెట్టేశారు. 2025 జనవరిలో ఢిల్లీ షోలో బీఎమ్‌డబ్ల్యూ వాళ్లు ఐఎక్స్1 అనే కరెంటు బండిని చక్రాల మధ్య దూరం పెంచి, వెనక సీటులో కాళ్లు చాపుకునేట్టు చేసి పెట్టారు. చెన్నైలోనే తయారీ, అప్పుడు షోరూము ధర 49 లక్షలు. ముందు మొహం మురిపించడానికి, వెనక సీటు మనవాళ్లకి. గోదావరి లెక్కలో ముగ్గురు కూర్చోవలసిన ఆ సీటులో అయిదుగురు, ఒళ్లో ఇద్దరు, కాళ్ల దగ్గర పనసకాయ. ఆ అదనపు జాగా పనసకాయకేనని నాకు గట్టి నమ్మకం.

కొన్న బండి తిన్నగా ఇంటికి రాదు కదా. పెద్ద షోరూములకి విజయవాడో విశాఖో వెళ్లాలి. విశాఖలో కొంటే దారిలో అన్నవరం. కొండ కింద తొలి పావంచా దగ్గర ఆపాలి, కొబ్బరికాయ కొట్టాలి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలి. అయ్యవారు గిన్నెలో పసుపు కలుపుకుని వచ్చి, డిజైనర్లు ఏళ్లతరబడి ఎండల్లో నీడల్లో పెట్టి చూసుకుని తీర్చిన ఆ బానెట్టు మీద స్వస్తిక్ దిద్దుతాడు. ఆ తరవాత ముందు మెడలో బంతిపూల దండ. ఇక్కడొక చిక్కుంది. ఈ కొత్త బళ్లలో ముందు బండిని కనిపెట్టే రాడారు కంపెనీ గుర్తు బిళ్ల వెనకో, గ్రిల్లు వెనకో దాక్కుని ఉంటుంది. దండ అడ్డంపడిందా, లోపల తెర మీద హెచ్చరిక: కంటికి ఏదో అడ్డమొచ్చింది, తుడవండి అని. తుడుస్తామా? మూడు రోజులు ఆగాలి. ఆ మూడు రోజులూ బండి గుడ్డిదే. మనమే చూసుకుంటూ నడపాలి, తాతలు నడిపినట్టు.

నడపడమంటే గుర్తొచ్చింది. ప్రపంచంలో మొదటి దూరపు కారు ప్రయాణం ఎక్కడికో తెలుసా? పుట్టింటికి! కార్ల్ బెంజ్ 1886 జనవరిలో తన మూడు చక్రాల బండికి పేటెంటు తీసుకున్నాడు గానీ కొనేవాడు లేడు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, మొగుడికి మాటమాత్రం చెప్పకుండా, ఇద్దరు మగపిల్లల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న తల్లి దగ్గరికి బయల్దేరింది. నూరు కిలోమీటర్లకి పైచిలుకు. రాజమండ్రి నుంచి ఏలూరు అనుకోండి. ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీకి గుచ్చుకునే పిన్నుతో తీసింది. తీగ ఒరుసుకుపోతే మేజోడు పట్టీ చుట్టింది. ఇంధనం అయిపోతే వీస్‌లోక్‌లో మందుల షాపులో కొంది. బ్రేకులు అరిగితే చెప్పులు కుట్టే ఆయన చేత తోలు వేయించింది. పుట్టింటికి చేరి క్షేమంగా చేరామని మొగుడికి టెలిగ్రాం ఇచ్చింది. ఆ బండికి మొహం లేదండీ. గ్రిల్లు లేదు, నక్షత్రం లేదు, చుక్కల్లేవు. ఊరూరా జనం చూసింది ఆవిడ మొహాన్ని. మా ఇంట్లో ఈ కథ చెప్పాక రెండు రోజులు తాళాలు జాగ్రత్తగా పెట్టుకున్నాను.

మన రాష్ట్రానికీ జర్మన్ కార్లకీ ఓ విచిత్రమైన సంబంధం ఉంది. 2005లో విశాఖకి ఫోక్స్‌వాగన్ ఫ్యాక్టరీ వస్తోందన్నారు. మన గోదావరి పాయ వశిష్ఠ పేరు పెట్టుకున్న ఒక కంపెనీకి ప్రభుత్వం దాదాపు 11 కోట్లు కట్టింది. ఆ కంపెనీతో మాకు సంబంధం లేదని ఫోక్స్‌వాగన్ అనేసరికి పెద్ద రభస, సీబీఐ దర్యాప్తు. ఫ్యాక్టరీ పుణె దగ్గర చాకన్‌కి పోయి 2009లో తెరుచుకుంది. వశిష్ఠలో నీళ్లు మాత్రం ఎప్పట్లాగే అంతర్వేది వైపు పారాయి.

కానీ జర్మన్ మొహం మనకి ఇంకో దారిన వచ్చేసింది, చాలామంది గమనించలేదు. పీటర్ ష్రైయర్ అని బవేరియా మనిషి. 1995 ఫ్రాంక్‌ఫర్ట్ షోలో అందరి నోళ్లూ తెరిపించిన ఆడీ టీటీ వెనక ఉన్నవాళ్లలో ఒకడు. 2006లో కొరియా వాళ్ల కియా ఆయన్ని తీసుకుపోయింది. మీ కార్లకి మొహం లేదు, ఒకటి పెట్టాలి అన్నాడాయన. 2007లో, మళ్లీ ఫ్రాంక్‌ఫర్ట్ షోలోనే, మధ్యలో నొక్కుపడిన ఆ పులిముక్కు గ్రిల్లు చూపించాడు. ఆ కియా 2017లో మన ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో ఫ్యాక్టరీ కట్టింది. 2019 ఆగస్టులో సెల్టోస్ అమ్మకానికొచ్చింది. ఇప్పుడు అమలాపురం నుంచి పాలకొల్లు దాకా ఏ గట్టు మీద నిలబడినా గంటలో పది సెల్టోస్‌లు ఎదురొస్తాయి. కోటి పెట్టలేనివాడికి కూడా బవేరియా ముక్కు అందుబాటులోకొచ్చింది, రాయలసీమలో తయారై. విశాఖ ఫ్యాక్టరీ పోయిందని విచారించేవాళ్లకి ఈ సంగతి చెప్పి చూడండి.

నరసాపురం నుంచి సఖినేటిపల్లి వెళ్లడానికి వశిష్ఠ మీద పంటు ఎక్కుతాం కదా. అక్కడ జర్మన్ మొహాలకి అసలు పరీక్ష. రేవులోకి దిగుడు, పంటు ఇనప పలక ఎక్కుడు. మూతి కిందికున్న బండి అయితే ఆ మలుపు దగ్గర గీరుకుంటుంది. పంటు మీద సర్దేవాడికి బ్రాండ్లు పట్టవు. బరువు అటూ ఇటూ సమంగా పడాలి, అంతే. "రింగుల బండి ఆ పక్కకి, మేకల ఆటో ఈ పక్కకి" అంటాడు. మేకలు అద్దంలో తమ మొహాలు చూసుకుంటూ అవతలి ఒడ్డు దాకా వస్తాయి. మెర్సిడెస్ నక్షత్రం మూడు కొనలూ నేల, నీరు, గాలి అని వాళ్ల లెక్క. నీటి సంగతి మాత్రం వశిష్ఠ మీద పంటువాడే చూసుకుంటున్నాడు.

సంక్రాంతికి మేనల్లుడొచ్చినప్పుడు ఇదంతా చెప్పాను. వాడు మొహాల సంగతి వదిలేసి ఇంకోటి చెప్పాడు. బీఎమ్‌డబ్ల్యూలో కొన్ని బళ్లకి ఓ సదుపాయం ఉందట. మీరు నెమ్మదిగా ముందుకొచ్చిన ఆఖరి 50 మీటర్ల దారినీ బండి గుర్తుపెట్టుకుంటుంది. మీట నొక్కితే స్టీరింగు తనే తిప్పుకుంటూ, వచ్చిన దారినే వెనక్కి పోతుంది, మనిషి గబగబా నడిచినంత వేగంతో. జర్మనీలో ఇరుకు సందుల్లో, ఇళ్ల గారేజీల దగ్గర ఇబ్బంది పడేవాళ్ల కోసం చేశారట.

నేను లేచి కూర్చున్నాను. 8,070 గొట్టాల నుంచి 942 చుక్కల దాకా ఇన్నేళ్లలో జర్మన్లు మన గట్టు కోసం చేసిన మొదటి పని ఇదేనన్నమాట, వాళ్లకే తెలియకుండా! ఆ సాయంత్రమే వాణ్ణి తీసుకుని మా ఊరి గట్టు మీదికెళ్లి అడుగులు లెక్కపెట్టించాను. మా ఇంటి మలుపు నుంచి బళ్లు తప్పుకునే తూము దాకా నూట ఎనభై మీటర్లు తేలింది.

"చాలదురా" అన్నాను. "మీవాళ్లకి చెప్పు, మొహం సంగతి కాసేపు ఆపి, ఆ యాభైని కనీసం లాకుల దాకా లాగమను."

"చెబుతాగానీ మావయ్యా, ముందు పక్కకి రా" అన్నాడు వాడు. వెనకనించి గడ్డిబండి వస్తోంది.